గులాబీ తోటలకు కూలీలను పంపే ఏజెన్సీ: మాట్లాడుకునే ముందు ఇది చదవండి

బెంగళూరు పక్కన దేవనహళ్లి, దొడ్డబళ్లాపుర చుట్టుపక్కల పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన తోట) పెట్టుకున్న మన తెలుగువాళ్లు "మీకు మనుషులు ఎక్కడ దొరికారు?" అని అడుగుతూనే ఉన్నారు. అందుకే రాస్తున్నాను. యలహంక వైపు ఆఫీసు పెట్టుకుని, ఒడిశా నుంచి తోటపనికి మనుషులను తెప్పించే ఏజెన్సీ ఒకటి ఉంది. దాని పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇప్పుడు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. నాకు తెలిసినంతలో అన్నిటిదీ ఇంచుమించు ఒకే పద్ధతి. మీరు తెలుసుకోవాల్సింది ఆ పద్ధతే.

మాది ఎకరం పాలీహౌస్. గులాబీల్లో తాజ్‌మహల్ రకం ఎరుపు ఎక్కువ, ఒక పక్క గోల్డ్‌స్ట్రైక్ రకం పసుపు. రోజూ ఎనిమిది మంది ఉండాలి. ముగ్గురు ఊరి ఆడవాళ్లు, ఐదుగురు ఏజెన్సీ పంపిన కుర్రాళ్లు. ఐదుగురిదీ రాయగడ జిల్లా. ఈ సంగతి మొదట చెప్పాలి, ఎందుకంటే మనలాంటివాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. రాయగడ మన పార్వతీపురం పక్కనే కదా, వాళ్లలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, కొందరు చక్కగా మాట్లాడతారు కూడా. విజయనగరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేరుగా యలహంకలో దిగారు. పక్క తోటలో బిహార్ పిల్లలతో సైగలతో పని చేయించుకునే కన్నడ రైతు ఒకాయన, "మీకు భాష కలిసొచ్చింది" అంటుంటాడు. నిజమే.

పని విషయంలో నాకు ఒక్క మాట కూడా అనడానికి లేదు. "అందరూ ట్రెయినింగ్ అయినవాళ్లే" అని ఏజెన్సీ చెప్పింది. అది పూర్తిగా నిజం కాదు. ఇద్దరు మాత్రమే అంతకుముందు హోసూరులో గులాబీ తోటల్లో పనిచేశారు, మిగతా ముగ్గురికి ఆ ఇద్దరే నేర్పారు. ఐదు రెబ్బల ఆకు పైన ఎక్కడ కత్తెర పెట్టాలి, ఎగుమతికి మొగ్గ ఎంత బిగువుగా ఉన్నప్పుడు కోయాలి, లోకల్ మార్కెట్‌కి ఇంకాస్త విచ్చనివ్వాలా, బలహీనమైన కొమ్మను కోసేయకుండా ఎలా వంచాలి, ఇవన్నీ పుస్తకం చూసి వచ్చేవి కావు. పక్కన నిలబడి నేర్పాలి. కోసిన వెంటనే నీళ్ల బకెట్‌లో పెట్టడం, కోల్డ్ రూమ్‌కి చేర్చడం, కాడ పొడవును బట్టి వేరు చేయడం, ఇరవై పూలకొక కట్ట కట్టి అట్ట చుట్టడం, ఇదంతా మా ఊరి పెద్దామె నేర్పింది. మేమందరం ఆమెను అక్క అంటాం. ఆ ఐదుగురూ అలాగే పిలుస్తారు. అక్క కట్టిన కట్టకీ వాళ్లు కట్టిన కట్టకీ ఇప్పుడు తేడా కనపడదు.

ఫిబ్రవరి పూల సంగతి తెలియనివాళ్లకు కూలీల కోసం రైతులు పడే టెన్షన్ అర్థం కాదు. డిసెంబర్ నడిమికి మొక్కలన్నీ కత్తిరించి పెడతాం. వేలంటైన్స్ డే పూలు జనవరి ఆఖరివారం నుంచి విమానం ఎక్కాలి కాబట్టి ఆ లెక్కకే కత్తిరింపు. ఆ రెండు మూడు వారాలు పొద్దున కోత, సాయంత్రం మళ్లీ కోత. ఒక్క పూట మనిషి లేకపోతే మొగ్గ విచ్చుకుంటుంది, ఎగుమతికి పనికిరాదు. హెబ్బాళ్‌లో వేలానికి పెట్టినా, కేఆర్ మార్కెట్‌కి తోలినా, దానికి సగం ధర కూడా రాదు. వరి కోతకు రెండ్రోజులు ఆగొచ్చు. గులాబీ ఆగదు. ఆ సీజన్‌లో ఐదుగురూ ఒక్క పూట మానలేదు. ఏజెన్సీకి ఈ విషయంలో పూర్తి మార్కులు ఇవ్వాలి.

ఊళ్లోవాళ్లు ఎందుకు రావడం లేదని అడిగేవాళ్లున్నారు. దొడ్డబళ్లాపురలో గార్మెంట్ ఫ్యాక్టరీలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు దేవనహళ్లి దగ్గర ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ వచ్చింది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల ఆడపిల్లలు ముళ్లు గీసుకుంటూ, వేడి పాలీహౌస్‌లో నిలబడి పనిచేయడం కన్నా ఫ్యాక్టరీ బస్సు ఎక్కడం మేలని అనుకుంటే నేను తప్పుపట్టను. మా అమ్మాయైనా అదే చేస్తుంది. 2008లో ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి పొలాలు లేఔట్లయ్యాయి, పొలం అమ్ముకున్నవాళ్లు కూలికి రారు. చన్నరాయపట్టణ హోబళిలో (హోబళి అంటే తాలూకాలో ఒక భాగం) పరిశ్రమల కోసం 1,777 ఎకరాలు తీసుకోవద్దని రైతులు ఏళ్ల తరబడి పోరాడి, 2025 జులైలో ప్రభుత్వంతో ఆ ప్రతిపాదన విరమింపజేశారు. చాలా సంతోషించాను. కానీ నిలబెట్టుకున్న ఆ భూమిలో రేపు చేతులు పెట్టి పనిచేసేది ఎవరన్నది మా అందరి ముందూ ఉన్న ప్రశ్న.

ఇక డబ్బు దగ్గరికి వస్తాను. అసలు విషయం ఇక్కడే ఉంది.

ఏజెన్సీ మనిషికి నెలకు 18,000 అడిగింది. కూలీ, కమీషన్, రైలు చార్జీ అన్నీ అందులోనే అన్నారు. డబ్బు ఏజెన్సీ ఖాతాలో వేయాలి, వాళ్లు పంచుతారు. వసతి మనది. అడ్వాన్స్‌గా ఒక నెల డబ్బు ముందే కట్టాలి. మొదటి జీతాలు పడ్డాక ఐదుగురినీ కూర్చోబెట్టి చేతికి ఎంతొచ్చిందని అడిగాను. ఇలా అడగడం నాకు పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. మాది కదిరి వైపు. మా ఊరినుంచి సగం మంది బేల్దారి పనికి బెంగళూరు వచ్చినవాళ్లే. మేస్త్రీ ఎంత పట్టుకున్నాడో, ఎంత చేతిలో పెట్టాడో తెలుసుకోకుండా మా ఇళ్లలో ఎవరూ నిద్రపోయేవాళ్లు కాదు.

చేతికొచ్చింది 11,500. కమీషన్ కింద 2,500, వాళ్లకు ఇంటి దగ్గర ఇచ్చిన అడ్వాన్స్‌కి 3,000, రైలు చార్జీకి 1,000 పట్టుకున్నారు. రైలు చార్జీ పేరుతో అదే వెయ్యి మరో రెండు నెలలు కూడా పడతారట. స్లీపర్ టికెట్ వెయ్యికి చాలా లోపే. పైగా చార్జీ నా 18,000లోనే ఉందని నాతో అన్నారు. అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, ఎన్ని నెలలు కోస్తారు అంటే ఐదుగురూ ఐదు లెక్కలు చెప్పారు. కాగితం ఎవరి దగ్గరా లేదు. ఒరిజినల్ ఆధార్ కార్డులు ఏజెన్సీ ఆఫీసులో ఉన్నాయి. గుర్తింపు కార్డు చూపిస్తే ఇచ్చే ఐదు కిలోల ఛోటూ సిలిండర్ కూడా కొనుక్కోలేక, వాళ్లు వచ్చిన కొత్తలో రాళ్ల పొయ్యి మీద వండుకున్నది అందుకే.

ఆ మరుసటి రోజు అక్క నా దగ్గరికి వచ్చింది. ఆమెకు రోజుకు 450, నెలకు 26 రోజులు వేసుకుంటే 11,700. "అమ్మా, వాళ్లు పదకొండున్నర వేలకు రాత్రీ పగలూ ఇక్కడే పడి ఉంటుంటే, రేపు నేను ఐదొందల యాభై అడిగితే నువ్వెందుకిస్తావు?" అంది. ఆమె మాటలో కోపం లేదు, భయం ఉంది. ఊళ్లో ఇదే మాట చాలామంది అంటారు: బయటివాళ్లు వచ్చి కూలీ పడగొట్టారని.

అక్క దృష్టిలో బయటి మనిషి చవక. కానీ నా పుస్తకంలో అతని ఖర్చు 18,000, అక్కకన్నా చాలా ఎక్కువ. ఆ పిల్లవాడి చేతిలో పడేది మాత్రం అక్కకన్నా తక్కువ. ముగ్గురం ఒకే తోటలో ఉండి మూడు వేర్వేరు లెక్కలు చూస్తున్నాం. నడిమధ్యలో ఆరున్నర వేలు ఎవరికీ కనపడకుండా పోతున్నాయి. అక్క భయపడాల్సింది ఆ పిల్లల్ని చూసి కాదు, ఆ కోతను చూసి.

మా పిన్ని కొడుకు కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర ఉంటాడు. ఈ సంగతి ఫోన్‌లో చెబితే, "ఇక్కడా ఇదే గొడవ" అన్నాడు. అక్కడ బాదం కాయల్ని యంత్రం చెట్టును పట్టి ఊపి రాలుస్తుంది, స్ట్రాబెర్రీ మాత్రం ఇప్పటికీ వంగి చేత్తోనే కోయాలి. కోసేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లు, చాలామందికి కాగితాలు లేవు. చట్టప్రకారం తెప్పించుకోవాలంటే హెచ్-2ఏ వీసా ఉంది. దాని నిబంధనలు విన్నాక నాకు ఆశ్చర్యం వేసింది. స్థానిక కూలీల రేటు పడిపోకూడదని ప్రభుత్వమే ఒక కనీస రేటు నిర్ణయిస్తుంది. బయటినుంచి వచ్చినవాళ్లకు వసతి రైతు ఉచితంగా చూపించాలి, ఒప్పందం పూర్తి చేసినవాళ్లకు రానూపోనూ ఖర్చు ఇవ్వాలి, కూలీ దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు తీసుకోకూడదు. అయినా వాళ్ల ఊళ్లల్లో దళారులు తీసుకుంటూనే ఉన్నారట. ఇంకో పెద్ద లోపం, ఆ వీసా కూలీని ఒకే యజమానికి కట్టేస్తుంది. నచ్చకపోతే పక్క తోటకు పోయే వీలు అంత తేలిగ్గా ఉండదు. ఇక్కడ ఆధార్ కార్డు ఆఫీసులో పెట్టుకోవడమూ అదే పని చేస్తుంది.

అతను చెప్పిన ఇంకో సంగతి మా ఊళ్లో ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. 1942 నుంచి 1964 దాకా అమెరికా మెక్సికో నుంచి బ్రసేరో అనే పథకం కింద కూలీలను తెప్పించుకుంది. వాళ్లను ఆపేస్తే మనవాళ్లకు కూలీ పెరుగుతుందని చెప్పి ఆపేశారు. 2018లో ముగ్గురు ఆర్థికవేత్తలు పాత లెక్కలన్నీ తీసి చూస్తే, స్థానికుల కూలీ అందువల్ల పెరిగినట్టు కనపడలేదు. రైతులు యంత్రాలు తెచ్చుకున్నారు, యంత్రం కుదరని పంటలు తగ్గించుకున్నారు. టమాటా కోసే యంత్రాన్నీ, దాని దెబ్బకు చితికిపోని గట్టి టమాటా రకాన్నీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేశారు, కొద్ది ఏళ్లలో సాస్‌కి వెళ్లే టమాటా అంతా యంత్రం కోతకు మారిపోయింది. గులాబీకి అలాంటి యంత్రం లేదు. ఒడిశా పిల్లల్ని పంపించేస్తే అక్కకు 550 రాదు. నేను పాలీహౌస్ మూసేస్తాను, అక్క పని కూడా పోతుంది.

అలాగని "వాళ్లు లేకపోతే వ్యవసాయమే లేదు" అంటూ మా రైతు మీటింగుల్లో చేసే వాదన కూడా నాకు మింగుడుపడదు. ఆ మాట అన్న మనిషే రేకుల షెడ్డులో పది మందిని కుక్కి పెడతాడు. అంత ముఖ్యమైనవాళ్లయితే కూలీ సరిగా ఇవ్వాలి కదా.

మన దేశంలో దీనికి చట్టం లేక కాదు. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఐదుగురు, అంతకు మించి బయటి రాష్ట్రంవాళ్లుంటే వర్తించేది. కాంట్రాక్టర్‌కి లైసెన్స్ ఉండాలి, ప్రతి మనిషికీ ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలి, ఊరు వదిలి వచ్చినందుకు సగం నెల జీతం అదనంగా ఇవ్వాలి, అది తిరిగి కోసుకోకూడదు, రైలు చార్జీ వేరే. అన్నిటికన్నా ముఖ్యంగా, అదే పని చేసే స్థానికుడికన్నా తక్కువ కూలీ ఇవ్వకూడదు. 1979లో రాసిన చట్టంలో ఇంత స్పష్టంగా ఉంది. ఇప్పుడు ఆ చట్టం 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిసిపోయింది, ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఐదు పోయి పదయింది. నా దగ్గర ఉన్నది ఐదుగురు. ఏజెన్సీ ఆఫీసులో పాస్‌బుక్ మాట ఎత్తగానే ఓనర్, "మేడమ్, పదిలోపు ఉంటే మీకు ఏ రూలూ లేదు, మీరెందుకు టెన్షన్ పడతారు" అన్నాడు. చిన్న రైతుల దగ్గర నలుగురు, ఐదుగురే ఉంటారు. ఎక్కువమంది చిన్న రైతుల దగ్గరే ఉండే పనిలో ఆ సంఖ్యను పెంచడం నా దృష్టిలో చాలా తప్పు.

నేను చెప్పింది ఒకటే. కూలీ మనిషి ఖాతాలోకి నేరుగా నేనే వేస్తాను, మీ కమీషన్ మీకు విడిగా నేనే కడతాను, అడ్వాన్స్ ఎంతో కాగితం మీద పెట్టండి, ఆధార్‌లు ఈరోజే ఇచ్చేయండి. మొదట ఒప్పుకోలేదు. "మీ ఒక్కరి కోసం సిస్టమ్ మార్చలేం" అన్నారు. మా చుట్టుపక్కల ఇంకో ముగ్గురు రైతులు కూడా అదే అడిగాక దారికొచ్చారు. అందుకే ఇదంతా రాస్తున్నాను. ఒక్కరు అడిగితే వినరు, నలుగురు అడిగితే వింటారు.

ఇప్పటి లెక్క ఇది. ఐదుగురికీ 14,500 నేరుగా ఖాతాలోకి. ఏజెన్సీకి మనిషికి నెలకు 2,000. ఊరి ఆడవాళ్లకు రోజుకు 550, అంటే నెలకు 14,300. పాత పద్ధతిలో ఎనిమిది మందికీ కలిపి నాకు అయ్యేది 1,25,100. ఇప్పుడు 1,25,400. తేడా మూడొందలు! ఆ మూడొందలతో అక్కకు నెలకు రెండువేల ఆరొందలు పెరిగాయి, ఆ పిల్లల్లో ఒక్కొక్కరికీ మూడువేలు పెరిగాయి. రైతు దగ్గర డబ్బు లేక కూలీ తక్కువన్న మాట అన్నిచోట్లా నిజం కాదు. డబ్బు ఎక్కడ ఆగుతోందో ఒకసారి కూర్చుని చూసుకోండి. ఇప్పుడు అక్క ఆ పిల్లలతో కలిసి నా దగ్గరికి వచ్చి తోటకు పురుగుమందు కొట్టే రోజు మాస్కులు సరిపోవడం లేదని గట్టిగా అడుగుతోంది. అడగనివ్వండి, అడగాల్సిందే.

వసతి గురించి రెండు మాటలు. "రేకుల షెడ్ చాలు" అంటారు, వినకండి. ఏప్రిల్‌లో ఇక్కడ రేకు కింద మనిషి పడుకోలేడు. మేం మోటారు గది పక్కన ఇటుకతో గదులు కట్టించి, ఫ్యాన్లు, బాత్రూమ్ పెట్టించాం. రేషన్ కార్డు విషయం ఏజెన్సీ ఆ పిల్లలకు చెప్పనే లేదు. ఒడిశా కార్డు మీద ఇక్కడి రేషన్ షాపులో తమ వంతు బియ్యం తీసుకోవచ్చు, మిగతా వంతు ఇంటి దగ్గర భార్యాపిల్లలు తీసుకుంటారు. వేలిముద్ర పడితే చాలు. "ఇన్సూరెన్స్ ఉంది" అని ఏజెన్సీ నోటిమాట చెప్పింది, పాలసీ కాగితం అడిగితే ఇప్పటికీ రాలేదు. బ్యాంకు ఖాతాలు చేతికొచ్చాక ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించాను. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. అది చాలదని నాకు తెలుసు, కానీ ఏమీ లేకపోవడం కన్నా నయం.

ఏజెన్సీలో మంచి కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. వాళ్ల సూపర్‌వైజర్ ఒడియా, తెలుగు, కన్నడ మూడూ మాట్లాడతాడు, ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతాడు. ఒకబ్బాయికి రాత్రిపూట జ్వరం ఎక్కువైతే తనే బండి మీద వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లి, తెల్లారేదాకా పక్కనే ఉన్నాడు. ఒకరు మధ్యలో మానేస్తే చెప్పిన గడువులోనే ఇంకొకరిని పంపారు. ఊళ్లో మేస్త్రీని నమ్ముకున్నప్పుడు ఇవేవీ ఉండేవి కావు. మనుషులను వెతికి, రైలు ఎక్కించి, ఇక్కడ దించి, కష్టమొస్తే చూసుకోవడం నిజంగా ఒక పని. దానికి డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. ఆ డబ్బు నా దగ్గర తీసుకోవాలి, తెలిసేట్టు తీసుకోవాలి.

సెలవుల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఆరు నెలలు కదలకూడదని ఏజెన్సీ షరతు. నేను దాన్ని ఒప్పుకోలేదు. ఫిబ్రవరి హడావుడి అయిపోయాక ఏప్రిల్‌లో వాళ్ల పండుగ చైత్ర పర్వానికి ఇద్దరూ ముగ్గురూ వంతులవారీగా ఊరికి వెళ్లారు. "పంపితే తిరిగిరారు మేడమ్" అన్నారు. అందరూ వచ్చారు, ఒకబ్బాయి వాళ్ల తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆ తమ్ముడు పక్క తోటలో చేరాడు, ఏజెన్సీ లేకుండానే.

రేటింగ్ అడిగేవాళ్ల కోసం: పనివాళ్లకు ఐదుకి ఐదు, సూపర్‌వైజర్‌కి ఐదుకి ఐదు, ఏజెన్సీ మొదట చెప్పే ప్యాకేజీకి ఐదుకి ఒకటి. మార్పించుకున్న పద్ధతిలో అయితే నాలుగు ఇస్తాను. ఇన్సూరెన్స్ కాగితం చూపించే వరకు ఐదో స్టార్ లేదు. డిసెంబర్ కత్తిరింపుకి మనుషులు కావాలంటే దసరాకు ముందే మాట్లాడుకోండి, తర్వాత అడిగితే కమీషన్ పెంచుతారు. ఒప్పందం కన్నడంలో రాస్తారు. తెలుగులోనో ఒడియాలోనో ఇంకో కాపీ రాయించి, దాన్ని ఆ పిల్లలకు చదివి వినిపించాకే సంతకం చేయండి.